అల్లుడి ఉద్యోగం సరే, అమ్మాయిదో?

మొన్న శ్రావణమాసంలో నాగర్‌కర్నూలులో మా బావగారి అమ్మాయికి పెళ్ళిచూపులు జరిగాయి. అమెరికాలో పదేళ్ళకు పైగా కాపురం చేసి వచ్చినదాన్ని గదా, నలుగురిలో వుంటే బాగుంటుందని నాకూ కబురు పంపారు. వనపర్తిలో పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాను.

అబ్బాయి డల్లాసు దగ్గర సాఫ్టువేరు ఉద్యోగి. మూడు వారాల సెలవు మీద వచ్చాడు. ఆ మూడు వారాల్లో ఆరు సంబంధాలు చూడాలి, ఒకటి ఖాయం చేసుకోవాలి, తిరిగి విమానం ఎక్కాలి. పాపం, అతని తొందర అతనిది. అమ్మాయి బి.ఫార్మసీ చదివి హైదరాబాదులో ఒక మందుల కంపెనీలో మూడేళ్ళుగా పనిచేస్తున్నది. "మాకు కట్నం పట్టింపు లేదు, చదువుకుని ఉద్యోగం చేస్తున్న పిల్ల కావాలి" అని వాళ్ళు మొదటి నుంచీ చెబుతున్నారట.

ఉప్మా, మైసూరుపాకు అయ్యాయి. అబ్బాయి జీతమెంతో మా బావ అడిగాడు, చెప్పారు. ఇల్లు కొన్నాడా అని మా అక్కయ్య అడిగింది, అప్పు మీద కొన్నాడన్నారు. ఏ కారులో తిరుగుతాడో కూడా తెలిసింది. అప్పుడు నేను, "బాబూ, నీకు ఐ-140 మంజూరైందా?" అన్నాను.

అబ్బాయి బిత్తరపోయాడు. వాళ్ళ నాన్నగారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. మా బావ నా వంక చూసిన చూపు, చిన్నప్పుడు నేను వాళ్ళింట్లో పాలగిన్నె బోర్లించిన రోజున చూసిన చూపే. జీతమెంత అని అడగటం మర్యాదే గాని ఇదేదో అడగరాని మాట అడిగినట్లయింది. "అదేందమ్మా, కాగితాల సంగతులు మనకెందుకు" అని మా బావ నవ్వుతూ మాట మార్చాడు. అమ్మాయి ఒక్కతే తలెత్తి నా వంక చూసింది.

ఆ ప్రశ్న ఎందుకడిగానో చెప్పాలంటే నా కథ కొంత చెప్పుకోవాలి.

నేను పుట్టింది గద్వాలలో. మా నాన్న బడిపంతులు. మా పక్కింట్లో మగ్గం వుండేది. గద్వాల చీర సంగతి మీకు తెలిసిందే: ఒంటికి నూలు, అంచుకీ కొంగుకీ పట్టు, రెంటినీ అతికి నేస్తారు. మగ్గం మీద కూర్చునేది ఆయన. తెల్లవారింది మొదలు దీపాలు పెట్టేదాకా కండెలు చుట్టేది ఆవిడ. లెక్కల పుస్తకంలో పేరు మాత్రం ఆయనదే. "మీరు కూడా నేతపని చేస్తారా అత్తమ్మా?" అని నేనొకసారి అడిగితే, "లేదు బిడ్డా, నేను ఊరికే ఇంట్లుంట" అన్నది, చేతిలో కండె తిరుగుతూ వుండగానే. ఆ మాట చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ గుర్తుకు వచ్చింది.

పదవ తరగతి అయ్యాక వనపర్తి పాలిటెక్నిక్‌లో సివిల్ ఇంజనీరింగు డిప్లొమాలో చేరాను. సంస్థానాధీశుల భవనంలో 1959లో పెట్టిన కాలేజీ అది. రాజావారి తోరణాల కింద కూర్చుని దూలం ఎంత బరువు మోస్తుందో లెక్కలు కట్టాము. ఆ తర్వాత ఈసెట్ రాసి హైదరాబాదులో బి.టెక్., ఆపైన ఒక డిజైను ఆఫీసులో ఉద్యోగం. ఆరేళ్ళు చేశాను. నెలనెలా మా నాన్నకు మూడువేలు పంపేదాన్ని. ఆయన ఆ డబ్బు ఖర్చు పెట్టాడో లేదో గాని, మనీఆర్డరు వచ్చినట్లు వీధిలో నలుగురికీ చెప్పేవాడు, వచ్చేది బ్యాంకులోకే అయినా.

2011లో మావారిని కంపెనీ వాళ్ళు అమెరికా పంపించారు. ఆయనది హెచ్-1బి, నాది హెచ్-4. అంటే ఆయన మీద ఆధారపడిన మనిషినని అర్థం. ఆ కాగితం మీద చదువుకోవచ్చు, ఏ కాలేజీలోనైనా చేరవచ్చు. జీతం తీసుకుని పని చేయటానికి మాత్రం వీలు లేదు. అక్కడ మనిషికి ప్రాణం లాంటిది సోషల్ సెక్యూరిటీ నంబరు. పని చేసే హక్కు లేనివాళ్ళకు అది ఇవ్వరు. డ్రైవింగు లైసెన్సుకు వెళితే, నంబరు లేదని చెప్పే కాగితం ఒకటి తెచ్చుకుని చూపించవలసి వచ్చింది. లేనిదానికి కూడా ఒక ధ్రువపత్రం అన్నమాట.

బయలుదేరే ముందు ఆయన కంపెనీ వాళ్ళు భార్యలకు సహాయమని ఒక పుస్తకం ఇచ్చారు. అట్ట మీద నవ్వుతున్న జంట. లోపల ఇండియా సరుకులు దొరికే దుకాణాల చిరునామాలు, గుడికి దారి, యోగా తరగతుల వేళలు వున్నాయి. ఆరేళ్ళ అనుభవం వున్న ఇంజనీరు అక్కడికి వెళ్ళి ఏం చేయాలో అందులో ఒక్క వాక్యం లేదు. రాసినవాళ్ళకు ఆ సందేహమే వచ్చివుండదు.

మొదటి మూడు నెలలూ బాగానే గడిచాయి. కొత్త కాపురం, కొత్త ఊరు. తర్వాత పొద్దు పోయేది కాదు. మా అపార్టుమెంటు కిటికీకి ఎదురుగా ఇళ్ళు కడుతుండేవారు. ఇనుపకడ్డీ, కాంక్రీటు చదువుకున్న నాకు, అక్కడ మూడంతస్తుల ఇళ్ళను చెక్కతో కడుతుంటే వింతగా వుండేది. కాఫీ కప్పు పట్టుకుని గంటల తరబడి చూసేదాన్ని. గాలి తోపుకు గోడ ఒరిగిపోకుండా పలకలు ఎక్కడ కొడుతున్నారు, మేకులు ఎంత దగ్గరగా వేస్తున్నారు, అన్నీ నోటుబుక్కులో రాసుకునేదాన్ని. మావారు చూసి మొదట నవ్వారు. రెండో నోటుబుక్కు మొదలుపెట్టాక నవ్వటం మానేశారు.

మా నాన్నకు పంపే మూడువేలు ఆగిపోయాయి. "నేను పంపుతాను, మూడు కాదు, పది పంపుతాను" అన్నారు మావారు, మంచి మనసుతోనే. మా నాన్న ఒప్పుకోలేదు. "కూతురు సంపాదన వేరు, అల్లుడి సొమ్ము వేరు తల్లీ" అన్నాడు. ఫోను పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో మావారికి అర్థం కాలేదు. మూడువేల రూపాయలకా అనుకున్నారు కాబోలు. పక్కింటి మగ్గం దగ్గర ఆవిడ అన్న "ఊరికే ఇంట్లుంట" అన్న మాట ఆ రోజు గుర్తుకు వచ్చింది. ఆవిడ పనిచేస్తూ ఆ మాట అన్నది. నాకు ఆ పని కూడా లేదు.

2015లో రూలు మారింది. ఆ సంవత్సరం మే 26వ తేదీ నుంచి, హెచ్-4 మీద వున్న కొందరు ఉద్యోగం చేసుకోవచ్చునన్నారు. అందరూ కాదు, కొందరే. ఉద్యోగికి గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తులో ఐ-140 అనే మెట్టు ఒకటి వుంది. అది మంజూరైతేనే, లేక ఆ దారిలో వుండి ఆరేళ్ళ గడువు దాటి హెచ్-1బి పొడిగింపు వస్తేనే, భార్యకు పని కార్డు. మనవాళ్ళకు ఇది ఎందుకు ముఖ్యమంటే, అక్కడ ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులలో ఒక్కొక్క దేశానికి నూటికి ఏడు అనే హద్దు వుంది. ఇండియా నుంచి వెళ్ళినవారి వరుస చాంతాడంత. ఐ-140 చేతికి వచ్చినా గ్రీన్‌కార్డుకు ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. ఆ కాలమంతా ఆడమనిషి ఏం చేయాలన్నదే ప్రశ్న.

2015 మే నుంచి 2017 డిసెంబరు దాకా తొలిసారి ఈ కార్డు పొందినవారు 90,946 మంది. వారిలో నూటికి 93 మంది ఇండియాలో పుట్టినవారు. స్త్రీలు కూడా నూటికి 93 మందే. అందులో నేనొకతెను.

కార్డు 2016లో వచ్చింది. ఐదేళ్ళ ఖాళీ తర్వాత ఉద్యోగం ఇచ్చేదెవరు? పదకొండు చోట్ల కాదన్నారు. పన్నెండో చోట ఒక చిన్న ఆఫీసు. ఇళ్ళ నక్షాలు గీసే పని. చెక్క ఇళ్ళ గురించి ఏమైనా తెలుసా అని అడిగాడు ముసలాయన. నోటుబుక్కులు తీసి బల్ల మీద పెట్టాను. హైదరాబాదులో నేను చేసి వచ్చిన హోదాకు అది రెండు మెట్లు కింద. అయినా మొదటి జీతం అందిన రోజున మా నాన్నకు పంపించాను. ఆయన ఈసారి కూడా మనీఆర్డరనే చెప్పుకున్నాడు.

కార్డు వచ్చింది గదా అని నిశ్చింతగా వుండటానికి లేదు. అది ఎప్పటికప్పుడు పొడిగించుకోవాలి. 2019 మార్చి నుంచి వేలిముద్రల నిబంధన ఒకటి వచ్చి, 2021 మే దాకా సాగింది. ఆ రోజుల్లో కార్డులు నెలల తరబడి ఆలస్యమయ్యాయి. 2020లో నా పాత కార్డు గడువు తీరిపోయింది, కొత్తది రాలేదు. ముసలాయన చాలా మంచివాడు గాని చట్టం చట్టమే. శుక్రవారం సాయంత్రం నా బల్ల ఖాళీ చేశాను. ఏడు నెలలకు కార్డు వచ్చేసరికి కరోనా వచ్చి ఆఫీసే చిక్కిపోయింది. ఆ తర్వాత దరఖాస్తు పెట్టుకుంటే పాత కార్డు దానంతటదే కొంతకాలం చెల్లే ఏర్పాటు చేశారు. 2025 అక్టోబరు 30 నుంచి పెట్టే దరఖాస్తులకు అదీ తీసేశారు. అంచేత ఇప్పుడు వెళ్ళేవాళ్ళు మళ్ళీ తేదీలు లెక్క పెట్టుకోవలసిందే. అసలు రూలునే కొట్టివేయమని 2015లోనే కోర్టుకు వెళ్ళినవాళ్ళున్నారు. 2024 ఆగస్టులో వాషింగ్టన్ అప్పీలు కోర్టు రూలు పక్షానే తీర్పు చెప్పింది.

మా మామగారి ఆరోగ్యం కోసం 2022లో తిరిగి వచ్చేశాము. ఇప్పుడు వనపర్తిలో ఇళ్ళ ప్లానులు గీస్తున్నాను. ప్లాను కోసం ఒకరు వస్తే వీసా సంగతులకు ఇద్దరు వస్తారు. గద్వాల నుంచీ వస్తారు, అచ్చంపేట నుంచీ వస్తారు.

మా వీధి చివర పూలమ్మే అవ్వ ఒకతె వుంది. శ్రీశైలం డ్యాం కట్టేటప్పుడు మొగుడితో కలిసి వెళ్ళి పనిచేసిన మనిషి. పాలమూరు లేబరంటే తెలియనిదెవరికి? దేశంలో పెద్ద పెద్ద డ్యాములకు మట్టి మోసిన చేతులవి. నేను అమెరికాలో ఐదేళ్ళు పని లేకుండా వున్నానంటే అవ్వకు నమ్మకం కలగలేదు.

"ఎందుకు బిడ్డా, పని రాకనా?"

"వచ్చు అవ్వా. చేయనియ్యరు."

అవ్వ మూర కొలుస్తూ ఆగిపోయింది. "మా మేస్త్రి, మొగోడొక్కడే వస్తనంటె అడ్వాన్సు ఇయ్యకపోతుండె. జోడి రావాలె అనెటోడు. నీ మొగనికి కొలువిచ్చినోడు నిన్ను అడగనే లేదా?"

మేస్త్రి దయాధర్మాలతో అడిగాడని నేననను. నాలుగు చేతులకు రెండు చేతుల లెక్క కట్టేవాడు, అడ్వాన్సు మెడకు ఉరితాడయ్యేది. అవ్వ కూడా ఆ రోజులు తలచుకుని మురిసిపోదు. కాని వెళ్ళేది ఇద్దరైనప్పుడు ఇద్దరి పనీ ఏమిటని ముందే అడగాలన్న సంగతి, చదువురాని మేస్త్రికి తెలిసింది. అట్ట మీద జంట బొమ్మ వేసిన కంపెనీకి తెలియలేదు.

తెలిసిన చోట్లు లేకపోలేదు. రాయబార కార్యాలయాల వాళ్ళకు ఈ బాధ ఏనాడో అనుభవమైంది. అమెరికా విదేశాంగ శాఖ 1978లోనే ఉద్యోగుల కుటుంబాల కోసం ప్రత్యేకంగా ఒక కార్యాలయం పెట్టింది. భార్యల ఉద్యోగాల సంగతి కూడా అది చూస్తుంది. దౌత్య ఉద్యోగుల కుటుంబ సభ్యులు ఒకరి దేశంలో ఒకరు పనిచేసుకోవచ్చునని మన ప్రభుత్వం కూడా పలు దేశాలతో ఒప్పందాలు చేసుకున్నది. కంపెనీల లోకంలో, భార్యాభర్తలిద్దరికీ పని అనుమతి ఇవ్వాలని ప్రభుత్వాలకు చెప్పటం కోసం 2001లో హేగ్ నగరంలో పర్మిట్స్ ఫౌండేషన్ అని ఒక సంస్థ వెలసింది. పెద్ద కంపెనీలే దానికి వెన్నుదన్ను. పరోపకారం కాదు సుమా! భార్య సుఖంగా లేక ఉద్యోగి మధ్యలో తిరిగి వచ్చేస్తే నష్టం వాళ్ళకే.

దేశాన్ని బట్టి కూడా కథ మారుతుంది. ఒకే కంపెనీలో బదిలీ మీద అమెరికా వెళ్ళే ఎల్-1 వాళ్ళ భార్యలకు, 2021 నవంబరు నుంచి వేరే కార్డు కూడా అక్కరలేదు. ఒకే విమానంలో పక్కపక్క సీట్లలో వెళ్ళిన ఇద్దరిలో ఒకామె మర్నాడు ఉద్యోగం వెతుక్కోవచ్చు, రెండో ఆమె ఏళ్ళ తరబడి కిటికీలోంచి చూస్తూ కూర్చోవాలి. భర్త ఏ వీసా మీద వెళుతున్నాడన్నదే తేడా. జర్మనీలో బ్లూకార్డు ఉద్యోగి భార్యకు పని స్వేచ్ఛ వుంది. కెనడాలో 2025 జనవరి 21 నుంచి భార్యల అనుమతిని బాగా బిగించారు, భర్తది పై తరగతి ఉద్యోగమా, ఇంకా 16 నెలల గడువు మిగిలి వున్నదా అని చూస్తారు. సింగపూరులో 2021 మే నుంచి ఆమె తన ఉద్యోగం మీద తానే సొంత పాసు తెచ్చుకోవాలి. నిరుడు వెళ్ళిన పక్కింటివాళ్ళు చెప్పినది ఈ ఏడు చెల్లకపోవచ్చు, అంచేత బయలుదేరే ముందు ఆయా ప్రభుత్వాల ప్రకటనలు స్వయంగా చూసుకోవాలి.

అనుమతి వుంటే సరిపోతుందా అంటే, చదువు కూడా చెల్లాలి. మా స్నేహితురాలు నాగర్‌కర్నూలు జిల్లాలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరు. భర్తకు బ్రిటన్ బదిలీ అయింది. అక్కడ ఉద్యోగి భార్యకు పని చేసే హక్కు వుంది. 2023 ఫిబ్రవరి నుంచి ఇండియాలో శిక్షణ పొందిన లెక్కలు, సైన్సు టీచర్లు అక్కడి ఉపాధ్యాయ అర్హతకు దరఖాస్తు పెట్టుకోవచ్చునన్నారు. ఆమె ఆ సంగతి ఇక్కడ వుండగానే తెలుసుకుని, జీతం లేని సెలవు పెట్టి వెళ్ళింది. మన సర్వీసు నిబంధనల్లో ఎకాయెకీ ఐదేళ్ళకు మించి సెలవు లేదు. గోడ మీద క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి పెట్టుకుంది. ఆ తేదీ నాటికి ఇటో అటో తేల్చుకోవాలి. కష్టమే, కాని కళ్ళు తెరిచి పడుతున్న కష్టం.

మా బావ కూతురిది అలా కాదు. అమెరికాలో మందుల దుకాణంలో ఫార్మసిస్టు కావాలంటే, విదేశాల్లో చదివినవారు ఒక పరీక్ష రాయాలి. 2003 తర్వాత పట్టా పుచ్చుకున్నవారికి అది ఐదేళ్ళ చదువైతేనే ఆ పరీక్షకు అర్హత. మన బి.ఫార్మసీ నాలుగేళ్ళు. ఆరేళ్ళ ఫార్మ్.డి. చదివినవారికి దారి వుంది, ఈ పిల్లకు లేదు. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతమంది పట్టాలు పెట్టె అడుగున పడి మగ్గుతున్నాయో! పెళ్ళిచూపుల్లో మాత్రం ఆ పట్టాకే దండ వేస్తారు.

డబ్బు మాట ఒకటి చెప్పి ముగిస్తాను. నా అదృష్టం కొద్దీ మావారు మంచివారు. అందరికీ ఆ అదృష్టం వుండదు. చేతిలో పైసా లేకుండా, వీసా కూడా భర్త చేతిలోనే వుంటే, కొట్టినా తిట్టినా పడి వుండవలసి వస్తుంది. అటువంటి హెచ్-4 భార్యలు విడిగా పని అనుమతి అడగవచ్చునని 2005లో అమెరికా చట్టం చేసింది. అందుకు ప్రత్యేక ఫారం 2017 నుంచి వాడుకలో వుంది. ఆడపిల్లను పంపే తల్లిదండ్రులు ఈ సంగతి చెవిన వేసుకుంటే తప్పు లేదు.

పెళ్ళిచూపులైన మూడో రోజున ఆ అబ్బాయి నాకు ఫోను చేశాడు.

"ఆంటీ, మీరడిగింది మా లాయరుని అడిగాను. ఇంకా మొదలే పెట్టలేదట. వచ్చే ఏడాది చూద్దామన్నారు. ఇంతకీ అది తనకెందుకండీ?"

నాలుగేళ్ళుగా అక్కడ వున్న కుర్రవాడు. ఇల్లు కొనటానికి వడ్డీ రేట్లు అణాపైసలతో తెలుసు. భార్య పని చేయవచ్చునో లేదో తెలియదు. ముప్పావు గంట సేపు చెప్పాను. అంతా విని, "నాకెవరూ చెప్పలేదాంటీ" అన్నాడు. నిజమే, చెప్పలేదు. అతడూ అడగలేదు. "చెప్పవలసింది నాతో కాదు బాబూ, ఆ అమ్మాయితో మాట్లాడు" అని నంబరు ఇచ్చాను. మా బావకు కోపం వస్తుందని తెలుసు. వచ్చింది కూడా.

ఇద్దరూ వారం రోజులు మాట్లాడుకున్నారట. సంబంధం ఖాయమైంది. మాఘమాసంలో ముహూర్తం. అబ్బాయి తన కంపెనీలో ఆ దరఖాస్తు వచ్చే ఏడాది కాదు, ఇప్పుడే మొదలుపెట్టమని అడిగాడు. అమ్మాయి ఉద్యోగం మానలేదు. ఫార్మసిస్టు లైసెన్సు అక్కరలేని పని ఏదా అని వెతికి, మందులు వాడినవారికి కలిగే దుష్ఫలితాలను నమోదు చేసే విభాగానికి మార్పించుకుంది. ఆ అనుభవం రేపు అక్కడ పనికి వస్తుంది. అతని కాగితం తేలేదాకా ఇక్కడే పనిచేస్తానంది. "పెళ్ళయ్యాక పుట్టింట్లో వుంటుందా, లోకమేమంటుంది?" అని మా అక్కయ్య రెండు పూటలు అన్నం మానేసింది. మూడో పూట తినింది.

మొన్న అమ్మాయి గద్వాలలో పెళ్ళిచీరలు తీసుకుని, దారిలో మా ఇంటికి వచ్చింది. ఎప్పుడు వెళ్ళినా పట్టుకువెళ్ళవలసిన వాటి జాబితాలు రెండు తెచ్చింది. ఒకటి వాళ్ళమ్మ రాసినది: ఆవకాయ, కరివేపాకు పొడి, సకినాలు, ప్రెషర్ కుక్కరు, రెండు పట్టుచీరలు. రెండోది తను రాసుకున్నది: యూనివర్సిటీ సీలు వేసిన మార్కుల కవర్లు, ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషను, ఏ విభాగంలో ఏ పని చేసిందో కంపెనీ రాసి ఇచ్చిన ఉత్తరాలు. వాళ్ళమ్మ జాబితాతోనే ఇరవై మూడు కిలోలూ నిండిపోతాయి.

"ఇవి పెట్టెలో పెట్టను అత్తా, చేతిసంచీలోనే. తూచి చూశాను, కిలోకి తక్కువే" అన్నది.